విదేశంలో బరువు తగ్గే ఆపరేషన్: తేడా వస్తే ఎవరు చూడాలో ముందే ఎలా ఖాయం చేసుకోవాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. బరువు తగ్గడానికి వేరే దేశంలో, జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటున్నారు. ప్యాకేజీ ప్రకారం ఆపరేషన్ అయిన ఐదో రోజున తిరుగు విమానం ఎక్కాలి. ఒకవేళ ఏదైనా సమస్య తలెత్తితే ఎవరు చూస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు అని అడిగితే, తమ దగ్గర అలాంటివి రావని ఏజెంటు మాట దాటవేశారు. కాబట్టి మీ వైపు నుంచి ఏమేం సిద్ధం చేసుకోవాలన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, అడ్వాన్సు కట్టకముందే, మీరు తిరిగి వచ్చాక మిమ్మల్ని చూడటానికి ఒప్పుకునే బేరియాట్రిక్ సర్జన్‌ను, అంటే బరువు తగ్గే ఆపరేషన్లు చేసే సర్జన్‌ను, మీరు ఉండే చోటికి దగ్గరలో వెతికి పెట్టుకోండి. ఆ సర్జన్ సరేనన్న తర్వాతే విదేశంలో తేదీ ఖాయం చేసుకోండి. దాని తర్వాత ముఖ్యమైనవి రెండు: ఆపరేషన్ అయ్యాక కనీసం పది రోజులు అక్కడే ఉండేలా, తేదీ మార్చుకోవడానికి వీలున్న టికెట్ తీసుకోవడం, ఆపరేషన్ వల్ల వచ్చే సమస్యలకు వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉన్న ఇన్సూరెన్స్‌తో పాటు, చేతిలో విడిగా కొంత డబ్బు ఉంచుకోవడం. మిగిలిన జాగ్రత్తలన్నీ ఈ మూడింటి తర్వాతే వస్తాయి.

నేను బేరియాట్రిక్ విభాగంలో చాలా ఏళ్లుగా సర్జన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గర ఆపరేషన్ చేయించుకున్నవారితో పాటు, వేరే దేశంలో చేయించుకుని ఇబ్బందితో తిరిగి వచ్చినవారినీ తరచుగా చూస్తుంటాను. విదేశంలో చేసే ఆపరేషన్ తక్కువ రకమని చెప్పడం నా ఉద్దేశం కాదు. చాలా దేశాల్లో ఎంతో నైపుణ్యం ఉన్న సర్జన్లు ఉన్నారు. అనుభవం ఉన్న చేతుల్లో ఈ ఆపరేషన్ వల్ల ప్రాణాపాయం సుమారు వెయ్యి మందిలో ఒకరికి మాత్రమే ఉంటుంది. అసలు చిక్కు సర్జన్ నైపుణ్యంలో కాదు, సమస్యలు బయటపడే సమయంలో ఉంది. అవి ఎక్కువగా డిశ్చార్జ్ అయిన తర్వాతే, అంటే మీరు హోటల్లోనో విమానంలోనో ఇంట్లోనో ఉన్నప్పుడు, ఆపరేషన్ చేసిన సర్జన్ మీ పక్కన లేనప్పుడు బయటపడతాయి.

ఈ సమయం సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ప్రణాళిక మొత్తం దీని మీదే ఆధారపడాలి. రక్తస్రావం సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజుల్లో తెలిసిపోతుంది, అప్పటికి మీరు ఇంకా ఆసుపత్రిలోనే ఉంటారు. లీక్, అంటే కోసి మూసిన చోట నుంచి జీర్ణాశయంలోనిది బయటికి కారడం, అలా కాదు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం నిలువుగా కోసి తీసేసి, మిగిలిన సన్నని గొట్టం లాంటి భాగాన్ని పొడవునా స్టేపుల్స్‌తో మూసేస్తారు. ఆ గొట్టంలో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. స్టేపుల్స్ వరసలో పైచివర, అన్నవాహిక కలిసే చోట, రక్త ప్రసరణ తక్కువగా ఉంటుంది. లీక్‌లు ఎక్కువగా అక్కడే వస్తాయి. కొందరికి రెండు మూడు రోజుల్లోనే తెలుస్తుంది, చాలామందికి ఐదో రోజు నుంచి పదో రోజు మధ్యలో బయటపడుతుంది, కొద్దిమందికి కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు. మంచి కేంద్రాల్లో లీక్ నూటికి ఒకరికి అటూ ఇటూగా వస్తుంది. తక్కువే అయినా, ఆ ఒక్కరు మీరైతే చికిత్స వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి సాగుతుంది.

కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం కూడా ఇలాంటిదే. అది డిశ్చార్జ్ తర్వాత దాదాపు నెల రోజుల వరకూ ఉంటుంది. తాగింది నిలవక వాంతులై, ఒంట్లో నీరు తగ్గి మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావడం మొదటి రెండు వారాల్లో ఎక్కువ. గొట్టం సన్నబడిపోయి ఏదీ దిగకపోవడం కొన్ని వారాలకు తెలుస్తుంది. విటమిన్ బీ1 లోపం మూడో వారం నుంచి మొదలుకావచ్చు, పిత్తాశయంలో రాళ్లు నెలల తర్వాత వస్తాయి. ఐదో రోజున తిరుగు విమానం అనే ప్యాకేజీలో ఆసుపత్రి వారి కళ్ల ముందు జరిగేది, ఈ మొత్తంలో రక్తస్రావం ఒక్కటే అని చెప్పవచ్చు.

విమానం గురించి మీకు రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాల ద్వారా చేసేది) తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే ప్రయాణించవచ్చని బ్రిటన్ విమానయాన సలహాల్లో ఉంది. ఏజెంట్లు చూపించేది సాధారణంగా దీన్నే. ఛాతీ, పొట్ట ఆపరేషన్ల తర్వాత కనీసం పది రోజులు విమానం ఎక్కవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వైద్య పర్యాటకులకు చెబుతుంది. మొదటిది కీహోల్ ఆపరేషన్లన్నిటికీ కలిపి చెప్పిన మాట. పొట్టలో నింపిన గాలి త్వరగా ఒంట్లో కలిసిపోతుంది కాబట్టి ఆ ఒక్క కోణంలో అది సరైనదే. జీర్ణాశయాన్ని కోసి మూసిన వ్యక్తికి లీక్, రక్తపు గడ్డల ప్రమాదం కూడా ఉంటుంది కనుక నేను ఎప్పుడూ రెండోదే పాటించమంటాను. విమానంలోపలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్లు ఉంటుంది. ఆక్సిజన్ కొంత తగ్గుతుంది, పొట్టలోని గాలి వ్యాకోచిస్తుంది, గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి, గుక్కెడు గుక్కెడుగా తప్ప నీళ్లు తాగలేరు. లీక్ మొదలయ్యే రోజుల్లో అలా ఉండటం ఎవరికీ మంచిది కాదు. నాలుగు గంటలకు మించిన ప్రయాణమైతే గడ్డకట్టే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

రక్తం పలచబరిచే ఇంజెక్షన్లు డిశ్చార్జ్ తర్వాత ఎన్ని రోజులు వేసుకోవాలో అక్కడి సర్జన్‌ను అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి రెండు నుంచి నాలుగు వారాలు ఇస్తారు. అన్ని రోజులకు సరిపడా మందును, సూదులు విమానంలో తీసుకువెళ్లడానికి డాక్టరు ఉత్తరాన్ని బయలుదేరే ముందే చేతిలో పెట్టుకోవాలి. నడవా పక్క సీటు తీసుకుని, గంటకోసారి లేచి నడవండి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవారు ఆపరేషన్‌కు సుమారు నెల ముందే వాటిని ఆపి, వేరే పద్ధతికి మారడం గురించి తమ డాక్టరుతో మాట్లాడాలి. ఈ ఒక్క మాట ప్యాకేజీ కాగితాల్లో తరచుగా కనిపించదు.

ఇప్పుడు ఇంటి దగ్గర సర్జన్ విషయానికి వస్తాను. చాలామంది ఈ ఏర్పాటును, అవసరమైతే అత్యవసర విభాగానికి వెళ్లవచ్చులే అన్న ఆలోచనతో వదిలేస్తారు. వెళ్లవచ్చు, వాళ్లు చూస్తారు కూడా. అయితే బేరియాట్రిక్ ఆపరేషన్ అయిన మనిషి పొట్ట మామూలు పొట్టలాగా లక్షణాలు చూపించదు. దీనికి ఒక ఉదాహరణ చెబుతాను, వివరాలు గుర్తుపట్టలేనంతగా మార్చాను. ఒక మహిళ స్లీవ్ చేయించుకుని తిరిగి వచ్చిన మూడో రోజున, ఎడమ భుజం లాగుతోందని, మనసు స్థిమితంగా లేదని, నిద్ర పట్టడం లేదని ఒక చిన్న క్లినిక్‌కు వెళ్లారు. జ్వరం లేదు. పొట్ట నొక్కి చూస్తే మెత్తగానే ఉంది. గ్యాస్ అని చెప్పి ఎసిడిటీ మాత్రలు ఇచ్చి పంపేశారు. మరుసటి రోజు నా దగ్గరకు వచ్చినప్పుడు ఆమె కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నారు. మణికట్టు పట్టుకుని నిమిషం పాటు లెక్కపెడితే నాడి 128 ఉంది. ఆ అంకె ఒక్కటి చాలు, స్కాన్ గదికి ఫోన్ చేయడానికి. సీటీ స్కాన్‌లో ఎడమ వైపు డయాఫ్రమ్ కింద చీము చేరి ఉంది, స్కాన్‌లో కనిపించడానికి తాగించిన మందు స్టేపుల్స్ పైచివర నుంచి బయటికి కారుతోంది. చీము బయటికి రావడానికి గొట్టం పెట్టాం, ఎండోస్కోపీతో స్టెంట్ వేశాం, చిన్నపేగులోకి వేసిన సన్నని గొట్టం ద్వారా ఆహారం ఇచ్చాం. ఆమె పూర్తిగా కోలుకున్నారు కానీ చాలా వారాలు పట్టింది.

అందుకే ఆపరేషన్ తర్వాత మొదటి నెల రోజులూ ఉదయం, సాయంత్రం విశ్రాంతిగా కూర్చుని నాడి లెక్కపెట్టుకుని ఒక పుస్తకంలో రాసుకోమని అందరికీ చెబుతాను. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 120 దాటి, తగ్గకుండా ఉంటే, వేరే కారణం తేలేవరకూ దాన్ని లీక్‌గానో ఊపిరితిత్తుల్లో గడ్డగానో అనుమానించాలి. జ్వరం వచ్చేదాకా ఆగకూడదు. ఎడమ భుజం నొప్పి, ఆయాసం, పెరుగుతున్న పొట్టనొప్పి, కారణం తెలియని ఆందోళన కూడా లెక్కలోకి వస్తాయి. రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి, గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవారిలో నాడి అంతగా పెరగకపోవచ్చు కాబట్టి అంకె తక్కువగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. అలాగే సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా లీక్ లేదని తేలినట్టు కాదు. రోగి పరిస్థితి బాగాలేకపోతే లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా పెట్టి, లోపల చూడాల్సి రావచ్చు. ఆ నిర్ణయం ఈ ఆపరేషన్లు రోజూ చేసేవారే ధైర్యంగా తీసుకోగలరు, ఇంటి దగ్గర సర్జన్ కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఆ సర్జన్ దగ్గరికి ఎలా వెళ్లాలి? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వేరే దేశంలో చేయించుకుంటున్నానని, ఏ ఆపరేషనో, ఎవరు చేస్తారో, ఎప్పుడు తిరిగి వస్తానో చెప్పి, వచ్చాక మీరు నన్ను చూస్తారా అని అడగండి. కొందరు కాదంటారు. వేరేవారు చేసిన ఆపరేషన్ బాధ్యత తలకెత్తుకోవడానికి వెనకాడటంలో వారి తప్పు కూడా లేదు. ఒప్పుకునేవారు దొరికితే ఆపరేషన్‌కు ముందే ఒకసారి ఫీజు ఇచ్చి చూపించుకోండి. ఎండోస్కోపీ, హెచ్ పైలోరీ (జీర్ణాశయంలో పుండ్లు కలిగించే బ్యాక్టీరియా) పరీక్ష, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉందేమో చూడటం, విటమిన్ల స్థాయి వంటివి అప్పుడే అయిపోతాయి. మీకు ఛాతీమంట తీవ్రంగా ఉంటే స్లీవ్ దాన్ని ఇంకా పెంచవచ్చు, బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి, పేగులో కొంత భాగాన్ని దాటవేసి కలిపే ఆపరేషన్) మేలని ఆ సర్జన్ చెప్పవచ్చు. ప్యాకేజీ ముందే ఖాయం చేసుకున్నవారికి ఆ మాట చెప్పేవారు ఉండరు. ఎంత వెతికినా ఒప్పుకునేవారు ఎవరూ దొరకకపోతే, నా అభిప్రాయంలో ప్రయాణం వాయిదా వేసుకోవాలి. కొన్ని నెలలు ఆలస్యమైతే వచ్చే నష్టం, ఎవరూ చూసేవారు లేకుండా లీక్‌తో ఇంట్లో కూర్చుంటే వచ్చే నష్టం ముందు చాలా చిన్నది.

విదేశంలోని ఆసుపత్రిని అడగాల్సినవి చాలా ఉన్నాయి కానీ, నేనైతే రాత్రి పూట సంగతే ముందు అడుగుతాను. అర్ధరాత్రి రోగికి రక్తస్రావమైతే మళ్లీ ఆపరేషన్ ఎవరు చేస్తారు, ఆ సర్జన్ ఎంతసేపట్లో రాగలరు, అదే భవనంలో ఐసీయూ ఉందా, రక్తం సిద్ధంగా ఉంటుందా, సీటీ స్కాన్, ఎండోస్కోపీ రాత్రి కూడా చేస్తారా? సీటీ యంత్రం బల్ల ఎంత బరువు వరకూ మోస్తుందో కూడా అడగండి. మీ బరువు ఎక్కువైతే ఇది చిన్న విషయం కాదు. ఏదైనా అయితే వేరే ఆసుపత్రికి పంపుతామని చెబితే, ఆ ఆసుపత్రి పేరు, అక్కడి ఖర్చు ఎవరిదన్నది రాయించుకోండి. వీటికి సమాధానాలు ఏజెంటు నుంచి కాకుండా సర్జన్ నుంచే రావాలి. వీడియో కాల్‌లో పదిహేను నిమిషాలు మాట్లాడటానికి కూడా సర్జన్ దొరకకపోతే, తేడా వచ్చినప్పుడు దొరుకుతారని ఎలా అనుకుంటాం? సమస్యలు రావని చెప్పేవారి మాట అసలు నమ్మకండి. ఈ ఆపరేషన్లు చేసే ప్రతి సర్జన్‌కూ ఎప్పుడో ఒకప్పుడు లీక్ వస్తుంది. తమ రోగుల్లో ఎంతమందికి వచ్చింది, అప్పుడేం చేశామన్నది చెప్పగలిగినవారి దగ్గరే మీరు ఆపరేషన్ చేయించుకోవాలి. ఈ సమాధానాలు చేతికి రాకముందు ఏ రాయితీ చూపించి తొందరపెట్టినా డబ్బు కట్టవద్దు.

ఇన్ఫెక్షన్ గురించి కూడా చెప్పాలి. 2018–2019లో మెక్సికోలోని టిజువానాలో బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకుని వచ్చిన కొందరు అమెరికన్లకు, చాలా రకాల యాంటీబయాటిక్‌లకు లొంగని సూడోమోనాస్ బ్యాక్టీరియా సోకిందని సీడీసీ ప్రకటించింది. 2023లో టర్కీలో బరువు తగ్గడానికి జీర్ణాశయంలోకి బొటాక్స్ ఇంజెక్షన్లు చేయించుకున్నవారిలో అరవై మందికి పైగా బోటులిజం (ఆ విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు) బారిన పడ్డారని ఐరోపా ఆరోగ్య సంస్థలు నమోదు చేశాయి. వారిలో చాలామంది తమ దేశాలకు వెళ్లాక చూపు రెండుగా కనిపించడం, మింగలేకపోవడం వంటి లక్షణాలతో ఆసుపత్రుల్లో చేరారు. మీరు తిరిగి వచ్చాక ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఫలానా దేశంలో, ఫలానా తేదీన ఆసుపత్రిలో ఉన్నానని మొదటి వాక్యంలోనే చెప్పండి. కోతలు పెట్టిన చోట చీము వస్తే దాన్ని, ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు పంపమని అడగండి. ఆ ఒక్క మాటతో సరైన యాంటీబయాటిక్ రోజుల ముందే మొదలవుతుంది.

కాగితాల సంగతి ఇంకాస్త గట్టిగా చెబుతాను. నా దగ్గరికి వచ్చిన ఒకరి డిశ్చార్జ్ సమ్మరీలో బైపాస్ చేశామన్న మాట తప్ప ఇంకేమీ లేదు. బైపాస్‌లో పేగును ఒకచోట కలిపేది ఒక రకం, రెండు చోట్ల కలిపేది ఇంకో రకం. ఎంత పొడవు పేగును దాటవేశారన్నది మరో విషయం. ఆయన పొట్టనొప్పికి కారణం వెతకడానికి ముందు, అసలు లోపల ఏం చేశారో తెలుసుకోవడానికే స్కాన్, ఎండోస్కోపీ చేయాల్సి వచ్చింది. కాబట్టి డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు, పూర్తి ఆపరేషన్ నోట్స్ తీసుకోకుండా ఆసుపత్రి వదలవద్దు. అందులో చేసిన ఆపరేషన్ పూర్తి పేరు, స్లీవ్ అయితే గొట్టాన్ని ఏ సైజు బూజీ (వెడల్పు కొలవడానికి లోపల పెట్టే గొట్టం) మీద కొలిచి కత్తిరించారు, స్టేపుల్స్ వివరాలు, లీక్ పరీక్ష చేశారా, చేస్తే ఫలితం ఏమిటి, బైపాస్ అయితే పేగు పొడవులు, పేగు మడతల మధ్య ఖాళీలను మూసేశారా, లోపల ఏమైనా వదిలారా అన్నవి ఉండాలి. స్లీవ్ కోసం వెళ్లినవారికి అక్కడికి చేరాక ఆపరేషన్ మార్చిన సందర్భాలు చూశాను కాబట్టి, మార్చాల్సి వస్తే ఏం చేస్తారన్నది కూడా ముందే ఒప్పంద పత్రంలో రాయించుకోండి. స్కాన్‌ల చిత్రాలు, రక్త పరీక్షలు, ఇచ్చిన మందుల జాబితా, సర్జన్ సొంత ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా తీసుకోండి. అన్నీ మీ ఇంటి దగ్గర డాక్టరు చదవగలిగే భాషలో ఉండాలి. ఒక కాపీ మీ ఫోన్‌లో, ఒకటి వెంట వచ్చినవారి ఫోన్‌లో పెట్టండి, మీ స్థానిక సర్జన్‌కు అక్కడి నుంచే ఒకటి పంపేయండి.

డబ్బు విషయంలో ఎక్కువమంది మోసపోయేది మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ దగ్గర. ముందుగా నిర్ణయించుకుని వెళ్లిన ఆపరేషన్‌కు, దాని వల్ల వచ్చే సమస్యలకు అది సాధారణంగా వర్తించదు. ప్రత్యేకంగా ఆపరేషన్ తర్వాతి సమస్యలకు ఇచ్చే పాలసీలు ఉన్నాయి. వాటిని కూడా పూర్తిగా చదివే తీసుకోవాలి: ఆపరేషన్ అయ్యాక ఎన్ని రోజుల వరకూ వర్తిస్తుంది, ఇంటికి తిరిగి వచ్చాక చేరిన ఆసుపత్రి ఖర్చు ఇస్తుందా లేక అక్కడి ఆసుపత్రికి మాత్రమేనా, మళ్లీ ఆపరేషన్ చేస్తే, వెంట ఉన్నవారు అదనంగా ఉండాల్సి వస్తే, వైద్య సిబ్బందితో విమానంలో తరలించాల్సి వస్తే ఇస్తుందా? మీ బరువు, పాత జబ్బులు ఏవీ దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. మీకు ఇప్పటికే ఉన్న ఆరోగ్య బీమా, విదేశంలో చేయించుకున్న ఆపరేషన్ తాలూకు సమస్యలకు ఇస్తుందో లేదో కంపెనీకి రాసి, రాతపూర్వక జవాబు తీసుకోండి. ప్యాకేజీలో సమస్యలకు చికిత్స ఉచితం అని ఉంటే, ఎన్ని రోజుల వరకు, ఐసీయూ కూడా కలిపేనా, మీరు మళ్లీ సొంత ఖర్చుతో అక్కడికి వెళ్తేనే ఇస్తారా అన్నది చూడండి. లీక్‌తో ఉన్న మనిషిని మళ్లీ విమానం ఎక్కించి పంపలేం కదా. ఇవన్నీ ఉన్నా కూడా, మీ ప్యాకేజీ ఖర్చంత మొత్తం ఇంకోసారి పెట్టుకోగల స్థితిలో ఉంటేనే వెళ్లమని నేను చెబుతాను. ఇది కఠినంగా అనిపిస్తుందని తెలుసు. చికిత్స మధ్యలో డబ్బు లేక ఆగిన కుటుంబాలను చూశాను కాబట్టి ఈ మాట అంటున్నాను.

వెంట వచ్చే వ్యక్తి మీతో పాటు మొత్తం రోజులూ ఉండగలగాలి, అవసరమైతే ఇంకో రెండు మూడు వారాలు ఆగగలగాలి. వీసా గడువు, సెలవు, ఇంటి దగ్గర పిల్లల బాధ్యత అన్నీ ఆ లెక్కన చూసుకోవాలి. మీరు మత్తులో ఉన్నప్పుడు మీ తరఫున నిర్ణయం తీసుకునే అధికారం వారికి ఉందని అక్కడి చట్టం ప్రకారం రాతపూర్వకంగా ఉంచండి.

మందుల మార్పు కూడా ముందే రాసి పెట్టుకోవాల్సినదే. షుగరు ఉన్నవారిలో ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే చక్కెర బాగా తగ్గుతుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి పాత మోతాదులోనే కొనసాగిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే ఆపాలి. లేకపోతే చక్కెర మామూలుగానే ఉన్నా రక్తంలో ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. బీపీకి మూత్రం ఎక్కువ పోయించే మందులు వాడేవారికి ఆపరేషన్ తర్వాత నీరసం, కళ్లు తిరగడం, కిడ్నీలకు ఇబ్బంది రావచ్చు. ఈ మార్పులు ఏ రోజు ఎంత చేయాలో మీ డాక్టరు రాసిన కాగితం ఉండాలి. నిద్రలో ఊపిరి ఆగకుండా వాడే సీపాప్ యంత్రం ఉంటే వెంట తీసుకువెళ్లాలి. సిగరెట్ కనీసం ఆరు వారాల ముందే మానాలి. దీని మీద బేరం లేదు.

తిరిగి వచ్చాక వాంతుల గురించి అందరూ తక్కువగా అంచనా వేస్తారు. ఒకటి రెండు సార్లు కావడం వేరు. రోజుల తరబడి ఏదీ నిలవకపోతే, మూత్రం ముదురు రంగులో కొద్దిగా మాత్రమే వస్తుంటే, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం ఉంది. విటమిన్ బీ1, అంటే థయమిన్, ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. వాంతులతో అది తగ్గిపోయిన మనిషికి ముందుగా గ్లూకోజ్ డ్రిప్ ఎక్కిస్తే, మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాటల్లో తికమక దాని గుర్తులు. ఒక యువకుడు ఇలా తూలుతూ నా దగ్గరికి వచ్చారు. అంతకు ముందు రెండు చోట్ల నీరసమని గ్లూకోజ్ ఎక్కించారు, థయమిన్ ఎవరూ ఇవ్వలేదు. చూపు బాగుపడింది కానీ, జ్ఞాపకశక్తి ఇప్పటికీ మునుపటిలా లేదు. బరువు తగ్గే ఆపరేషన్ అయిందని, వాంతులు అవుతున్నాయని, గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలని ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. అదే కాగితంలో మరో రెండు మాటలు చేర్చండి: ముక్కు ద్వారా పొట్టలోకి గొట్టాన్ని గుడ్డిగా, అంటే లోపల చూడకుండా, వేయవద్దు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఇవ్వవద్దు. నొప్పి మాత్రల వల్ల పుండ్లు పడే ప్రమాదం బైపాస్ అయినవారిలో మరీ ఎక్కువ.

మొదటి నెల గడిచాక ఆందోళన తగ్గుతుంది, పర్యవేక్షణ అవసరం తగ్గదు. వేగంగా బరువు తగ్గేవారిలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి కాబట్టి, మొదటి ఆరు నెలలు అర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు వాడాలా అని మీ సర్జన్‌ను అడగండి. ఐరన్, బీ12, విటమిన్ డీ, కాల్షియం, ఫోలేట్ పరీక్షలు మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ప్రతి ఏడూ జీవితాంతం చేయించుకోవాలి. విటమిన్ మాత్రలు కూడా జీవితాంతమే. గర్భం ధరించాలనుకునేవారు ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు ఆగాలి. బైపాస్ అయినవారిలో గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి చూసుకోవాలి.

ఒకవేళ మీ ఆపరేషన్ స్లీవ్ నుంచి బైపాస్‌కు మారితే, ఇంకొక సమస్యను ఏళ్ల తరబడి గుర్తుంచుకోవాలి. బరువు బాగా తగ్గాక లోపలి కొవ్వు కరిగి పేగు మడతల మధ్య ఖాళీలు ఏర్పడతాయి, పేగు వాటిలోకి జారి మెలిపడవచ్చు. తిన్న తర్వాత పొట్ట మధ్యలో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి కొన్ని గంటల్లో దానంతటదే తగ్గిపోవడం, మళ్లీ కొన్ని వారాలకు రావడం దాని తీరు. నొప్పి తగ్గిన సమయంలో తీసిన స్కాన్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. అందుకని ఆపరేషన్ అయి ఐదేళ్లయినా పదేళ్లయినా, ఇలాంటి నొప్పితో ఏ అత్యవసర విభాగానికి వెళ్లినా బైపాస్ అయిన సంగతి చెప్పి, బేరియాట్రిక్ సర్జన్‌ను పిలిపించమని గట్టిగా అడగండి. నొప్పి తీవ్రంగా ఉండి తగ్గకపోతే, స్కాన్ బాగానే ఉందన్నా ఇంటికి వెళ్లకండి.